సిబిల్ స్కోరు: రాసిందెవరు, దిద్దేదెవరు?

“అన్నా, నీ సిబిల్ 580 ఉంది. ఇట్లుంటే ఏ బ్యాంకోడూ లోన్ ఇయ్యడు. మాకు లోపల మనిషి ఉన్నడు. 45 రోజులల్ల 780 చేపిచ్చే పూచీ నాది. ముందుగాల ఐదు వేలు కొట్టు, పనైనంక పది వేలు.”

ఇలాంటి ఫోను మీలో కొందరికైనా వచ్చే ఉంటుంది. ఫోను రాకపోతే కరెంటు స్తంభానికి అంటించిన కాగితమో, వాట్సాప్‌లో తిరిగే ప్రకటనో చూసి ఉంటారు. ఇల్లు కట్టుకుందామనో ఆటో కొనుక్కుందామనో బ్యాంకుకు వెళ్లి, “మీ సిబిల్ బాగాలేదండీ” అన్న మాట విని, మొహం చిన్నబుచ్చుకుని బయటికొచ్చిన మనిషికి ఈ ఫోను దేవుడు చేయించినట్టే ఉంటుంది. అందులోనూ లోపల మనిషి ఉన్నాడంటే మనకు ఎక్కడలేని ధీమా. రేషన్ కార్డు దగ్గర్నుంచి అన్ని పనులకూ తెలిసినవాడు ఉండాలని నమ్మే మనుషులం. సిబిల్ విషయంలో మాత్రం ఆ లోపలి మనిషి నిజంగా ఉన్నా అతను చెయ్యగలిగింది ఏమీ లేదు. ఎందుకు లేదో తెలిస్తే ఈ దందా సగం తెలిసినట్టే.

సిబిల్ అనేది 2000 సంవత్సరంలో మొదలైన ఒక కంపెనీ. ఇప్పుడు దాని పూర్తి పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. 2005లో పార్లమెంటు చేసిన చట్టం కింద, రిజర్వు బ్యాంకు అనుమతితో ఇలాంటి కంపెనీలు మన దేశంలో నాలుగు నడుస్తున్నాయి. మిగతా మూడూ ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. మీకు అప్పిచ్చిన బ్యాంకు, బండి మీద ఫైనాన్స్ ఇచ్చిన కంపెనీ, క్రెడిట్ కార్డు ఇచ్చిన సంస్థ, మైక్రోఫైనాన్సు వాళ్లు, వీళ్లంతా ఈ నాలుగింటికీ మీ చెల్లింపుల వివరాలు పంపుతూ ఉండాలి. మొదట్లో నెలకోసారి పంపేవాళ్లు. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపాలన్నారు. ఆ వివరాలను లెక్కగట్టి 300 నుంచి 900 మధ్య ఒక అంకె వేస్తారు. అదే స్కోరు. 750 దాటితే బ్యాంకులు ఇష్టంగా చూస్తాయని అనుభవం. అది చట్టంలో రాసిన అంకె కాదు. ఒక్కో బ్యాంకు ఒక్కోచోట గీత గీసుకుంటుంది.

పరీక్ష పేపరు దిద్దింది ఒకరైతే, మార్కుల జాబితా గోడకు అంటించింది ఇంకొకరు అనుకోండి. మార్కులు తప్పుపడితే గోడ దగ్గర నిలబడ్డవాణ్ణి పట్టుకుని లాభం ఉందా? పేపరు దిద్దినాయన ఒప్పుకుని మళ్లీ రాసిస్తేనే జాబితా మారుతుంది. సిబిల్ చేసేది జాబితా అంటించే పని. అందులోని ప్రతి అక్షరం మీకు అప్పిచ్చినవాళ్లు రాసి పంపిందే. వాళ్లు ‘అవును, తప్పే’ అని ధ్రువపరిస్తే తప్ప సిబిల్ ఒక్క అంకె కూడా మార్చడానికి లేదు. చట్టమే అలా కట్టేసింది. కాబట్టి లోపలి మనిషి గోడవతల ఉన్నా ఒకటే, ఇవతల ఉన్నా ఒకటే.

సరే, మరి స్కోరు ఎందుకు పడుతుంది? పెద్ద అప్పులు ఎగ్గొట్టినవాళ్లకే పడుతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో చిన్న బాకీలే ఎక్కువమందిని బజారుకీడుస్తాయి. ఓ కుర్రాడు మాల్‌లో ఎవరో బతిమాలితే క్రెడిట్ కార్డు తీసుకుంటాడు. “జీవితాంతం ఫ్రీ సార్” అంటారు. రెండుసార్లు గీకి, కట్టేసి, కార్డును బీరువాలో పడేస్తాడు. ఏడాది తిరిగేసరికి 499 రూపాయల ఫీజు పడుతుంది, జీఎస్టీతో కలిపి 588 రూపాయల 82 పైసలు. ఫోను నంబరు మారింది, ఇల్లు మారింది, బిల్లు ఎవరికీ చేరదు. దాని మీద ఆలస్య రుసుము, నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. కొన్నేళ్లకు అది వేలల్లోకి పోయి, కార్డు కంపెనీ దాన్ని ‘రిటెన్ ఆఫ్’ అని రాసేస్తుంది. కుర్రాడికి పెళ్లయ్యి, ఫ్లాట్ కొనుక్కోవడానికి వెళ్లినప్పుడు తెలుస్తుంది సంగతి.

ఈ ‘రిటెన్ ఆఫ్’ అన్నదాన్ని ‘మాఫీ’ అనుకుని సంబరపడినవాళ్లను చూశాను. అది బ్యాంకు తన పుస్తకాల్లో నష్టం కింద చూపించుకోవడం. మీ బాకీ మీ మీదే ఉంటుంది, అడిగే హక్కు వాళ్లకు ఉంటుంది, మీ రిపోర్టులో అంతకంటే చెడ్డ మాట దాదాపు ఉండదు.

ఇంకో దారి జామీను. బావమరిది ట్రాక్టరు లోనుకు సంతకం పెడతాం. సంతకం పెట్టి మర్చిపోతాం. ఆ లోను మన రిపోర్టులో ‘గ్యారంటర్’ అన్న పేరుతో కూర్చుంటుంది. అతను వాయిదాలు ఆపితే దెబ్బ ఇద్దరికీ. బంధుత్వం చెడకుండా అడగడం కష్టమే, ఒప్పుకుంటాను. అయినా ఏడాదికోసారి “బావా, ట్రాక్టరు కిస్తీలు సక్రమంగా పోతున్నాయా?” అని అడగడంలో తప్పులేదు.

రైతుల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. 2014లో తెలంగాణలో లక్ష రూపాయల దాకా పంట రుణాల మాఫీ ప్రకటించి, ఆ సొమ్మును నాలుగు విడతలుగా బ్యాంకులకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి లక్షన్నర దాకా అన్నారు, అదీ విడతలే. 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా మాఫీ వచ్చింది. ప్రకటన ఒక రోజు వస్తుంది, డబ్బు ఎప్పుడో పడుతుంది. ఆ మధ్యకాలంలో బ్యాంకు పుస్తకంలో అప్పు రైతు పేరు మీదే ఉంటుంది. మాఫీ వస్తుంది కదా అని రెన్యువల్ ఆపితే ఖాతా గడువు దాటుతుంది. మామూలు అప్పుకు 90 రోజులు దాటితే మొండి బాకీ. పంట రుణానికి కొంత వెసులుబాటు ఉంది. వరి లాంటి స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట కాలాలు దాటాలి. ఆపైన అది కూడా మొండి బాకీయే. పైగా సకాలంలో కట్టినవాళ్లకు కేంద్రం ఇచ్చే మూడు శాతం వడ్డీ రాయితీ కూడా పోతుంది. ఏడు శాతం నాలుగు శాతం అయ్యే అప్పు అది. మాఫీ రాకూడదని నేననను. దాని కోసం ఎదురుచూస్తూ రెన్యువల్ మానుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇప్పుడు అసలు పని. ముందు మీ రిపోర్టు మీరు చూసుకోవాలి. ఈ నాలుగు కంపెనీల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి మీ పూర్తి రిపోర్టును స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి. 2017 జనవరి నుంచి ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. నాలుగు కంపెనీలు కాబట్టి మూడు నెలలకోసారి ఒక్కోదాని దగ్గర తీసుకుంటే ఏడాది పొడవునా పైసా ఖర్చు లేకుండా గమనించుకోవచ్చు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌కు వెళ్లండి. దారిలో నెలవారీ చందా కట్టమని అడిగే పేజీలు వస్తాయి. కంగారుపడకండి, ఉచితం అన్న మాట అక్కడే కొంచెం చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గుతుందని ఒక పుకారు ఉంది. తగ్గదు. అప్పు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు చూస్తే అది లెక్కలోకి వస్తుంది. వారంలో అయిదారు చోట్ల దరఖాస్తు పెట్టారనుకోండి, ఈ మనిషి డబ్బుకు కటకటలాడుతున్నాడని అర్థం చేసుకుంటారు.

రిపోర్టు చేతికొచ్చాక స్కోరు చూసి పక్కన పెట్టేయకండి. లోపలికి వెళ్లండి. మొదట మీ పేరు, పుట్టినతేదీ, పాన్ నంబరు, చిరునామాలు, ఫోను నంబర్లు, ఈమెయిల్ ఉంటాయి. మీది కాని ఫోను నంబరో, మీరెప్పుడూ ఉండని ఊరి చిరునామానో కనిపిస్తే అక్కడ వేలు పెట్టి ఆగండి. మీ పాన్ ఎవరో వాడి ఉండొచ్చు, లేదా మీ పేరున్న ఇంకొకాయన అప్పు మీ ఖాతాలోకి వచ్చి ఉండొచ్చు. మనలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊరికి నలుగురు కదా. ఆ తర్వాత అప్పుల జాబితా. ఒక్కో అప్పు కింద నెలల వరుస ఉంటుంది, మూడేళ్ల దాకా, అంటే 36 నెలలు. ఒక్కో నెల కింద ఒక గడి. ఆ గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల బాకీ లేదని. 030 అని ఉంటే ముప్పై రోజులు ఆలస్యమైందని. మూడు ఎక్స్‌లుంటే ఆ నెల వివరాలు రాలేదని. వేలు పెట్టి వరుసంతా ఒకసారి చదివితే మీ ఇంట్లో ఏ నెల ఆసుపత్రి ఖర్చు వచ్చిందో, ఏ నెల జీతం ఆగిందో కూడా మీకు గుర్తుకొస్తుంది. ఆ గడులు అంత నిక్కచ్చిగా ఉంటాయి. చివరి పేజీల్లో మీ రిపోర్టును ఎవరెవరు ఎప్పుడు చూశారో ఉంటుంది. మీరు దరఖాస్తు పెట్టని కంపెనీ పేరు అక్కడ కనిపిస్తే అది పెద్ద సూచన.

చదివాక మీ రిపోర్టులోని మచ్చలను రెండుగా విడదీయండి. నిజమైనవి, తప్పుగా పడినవి. మోసగాడు ఈ రెండింటినీ కావాలని కలిపేస్తాడు. వీటికి మందులు వేరు.

తప్పుగా పడినవాటి సంగతి తేలిక. అప్పు తీరి నో డ్యూస్ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఇంకా బాకీ చూపిస్తుండొచ్చు. మీది కాని అప్పు ఉండొచ్చు. ఒకే అప్పు రెండుసార్లు పడి ఉండొచ్చు. పోస్టులో వచ్చిన కార్డును మీరు యాక్టివేట్ చెయ్యకపోయినా దాని వివరాలు రిపోర్టులో ఉండొచ్చు. యాక్టివేట్ కాని కార్డు వివరాలు సిబిల్‌కు పంపకూడదని 2022 నుంచి నిబంధన ఉంది. ఇలాంటివి కనిపిస్తే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ‘డిస్ప్యూట్’ అని ఉంటుంది, అక్కడ ఫిర్యాదు పెట్టండి. ఖర్చు లేదు. అదే రోజు అప్పిచ్చిన బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. ఇవ్వడమంటే ఊరికే ఇచ్చి రావడం కాదు. రెండో కాపీ మీద సీలు వేయించుకోండి, తారీఖు ఉండేలా చూసుకోండి. శాఖలో గుమాస్తా “సిబిల్ మా చేతుల్లో ఉండదమ్మా, వాళ్లనే అడగండి” అంటాడు. సిబిల్ వాళ్లను అడిగితే “బ్యాంకు ధ్రువీకరించాలి” అంటారు. ఈ మధ్యలో నలిగిపోయినవాళ్లే చివరికి ఏజెంటు దగ్గరికి చేరేది. అందుకే రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది, అది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. సవరించిన వివరాలు పంపడానికి బ్యాంకుకు 21 రోజులు, మిగతా గడువు సిబిల్ లాంటి కంపెనీకి. 30 దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం. మీ విన్నపాన్ని తోసిపుచ్చితే ఎందుకో కారణం చెప్పాలి. గుమాస్తా మళ్లీ “మా చేతుల్లో లేదు” అంటే, “ఇరవై ఒక్క రోజుల లెక్క మీదే కదండీ” అనండి. మర్యాదగానే అనండి. సీలు పడిన కాపీ చేతిలో ఉంటే గొంతు పెంచే పని ఉండదు.

నిజమైన మచ్చల మాట వేరు. మీరు నిజంగా ఆలస్యం చేశారు, లేదా కట్టలేదు. దాన్ని ఎవరూ చెరపలేరు. కుండలో కూడు కదలకూడదు, బిడ్డ మాత్రం బొద్దుగా ఉండాలంటే ఎలా? రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలని నిబంధన. చేదు మాటే. ఇందులో ఊరట కూడా ఉంది. ఇందాక చెప్పిన ఆ 36 గడుల వరుస ముందుకు జరుగుతూ ఉంటుంది. ప్రతి నెలా కొత్తగా ఒక మంచి గడి చేరుతుంది, పాతది ఒకటి వరుస నుంచి జారిపోతుంది. నిరుటి ఆలస్యానికున్నంత బరువు మూడేళ్ల కిందటిదానికి ఉండదు.

మొదటి పని, గడువు దాటి ఉన్నవాటిని కట్టి గడువులోకి తేవడం. చిన్న చిన్న బాకీలు నాలుగుంటే వాటిని ముందు మూసేయడం నాకు ఇష్టం. రిపోర్టు శుభ్రపడుతుంది, మనసుకూ ధైర్యం వస్తుంది. క్రెడిట్ కార్డు బాకీని మాత్రం వడ్డీ దృష్ట్యా అన్నిటికంటే ముందు పెట్టాలి. నెలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి 42. బ్యాంకులో డిపాజిట్ ఏడు శాతానికి దాచి, కార్డుకు 42 శాతం కట్టేవాళ్లున్నారు. మినిమమ్ డ్యూ కట్టి ఊపిరి పీల్చుకుంటారు. దానివల్ల గడిలో మచ్చ పడదు కానీ అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది.

సెటిల్‌మెంట్ గురించి ఒక్క హెచ్చరిక. బాకీ 80 వేలుంటే “35 వేలు కట్టండి, ముగించేద్దాం” అని రికవరీ వాళ్లు అంటారు. గతిలేనప్పుడు అదీ ఒక దారే, తప్పనను. కానీ రిపోర్టులో అది ‘క్లోజ్డ్’ అని పడదు, ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు అప్పిచ్చేవాడు ఆ మాట చదివి, ఈయన పూర్తిగా కట్టలేదని గ్రహిస్తాడు. చేతిలో డబ్బు ఆడినప్పుడు మిగతా 45 వేలు కడతానని బ్యాంకును అడిగి, కట్టి, నో డ్యూస్ తీసుకుని, ‘క్లోజ్డ్’గా మార్పించుకోవచ్చు. సెటిల్‌మెంట్‌కు ఒప్పుకునేముందు బ్యాంకు లెటర్‌హెడ్ మీద కాగితం అడగండి. రికవరీ ఏజెంటు ఫోన్‌పే నంబరుకు డబ్బు పంపకండి. లోను ఖాతాకే పంపండి.

రెండో పని, కొత్తగా మంచి చరిత్ర రాసుకోవడం. అప్పే ఇవ్వనంటే చరిత్ర ఎలా రాస్తామని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డులున్నాయి. డిపాజిట్టే పూచీ కాబట్టి స్కోరు తక్కువున్నా ఇస్తారు. ఇరవై వేల డిపాజిట్ వేసి కార్డు తీసుకుని, నెలకు కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు దాంతో కట్టి, గడువులోగా మొత్తం తీర్చేయండి. కార్డు పరిమితిలో మూడోవంతు కూడా వాడకుండా ఉంటే మేలు. బ్యాంకులో బంగారం మీద తీసుకునే అప్పు కూడా సిబిల్‌కు వెళుతుంది. వేళకు విడిపించుకుంటే అదీ మంచి గడులే, వేలం దాకా తెచ్చుకుంటే అదీ మచ్చే. మార్వాడీ కొట్టులో తాకట్టు మాత్రం ఈ లెక్కల్లోకి రాదు. పాత కార్డు బాగా నడుస్తుంటే తొందరపడి మూసేయకండి, పాతదనానికీ విలువుంది. ఒక లోన్ యాప్ బాకీ తీర్చడానికి ఇంకో లోన్ యాప్ దగ్గరికి వెళ్లడం మాత్రం వద్దే వద్దు. అసలెప్పుడూ అప్పు చెయ్యనివాళ్లకు స్కోరు బదులు మైనస్ 1 అనో ఎన్‌హెచ్ అనో కనిపిస్తుంది. అది మచ్చ కాదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్ల దరఖాస్తును తోసిపుచ్చకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది.

ఇంతవరకూ విన్నవాళ్లకు ఒక సంగతి తట్టే ఉంటుంది. తప్పు మచ్చను దిద్దించుకోవడం ఉచితం, నిజమైన మచ్చను దిద్దడం ఎవరివల్లా కాదు. మరి ఆ 45 రోజుల ఏజెంటు అమ్మేదేమిటి?

కొందరు మీ పేరుతో ఆ ఉచిత ఫిర్యాదే పెట్టి వేలు పుచ్చుకుంటారు. వీళ్లు కాస్త నయం. ఫిర్యాదు నడుస్తున్నన్నాళ్లూ ఆ అప్పు పక్కన వివాదంలో ఉందని ఒక గుర్తు పడుతుంది. దాన్ని ఫొటో తీసి “చూశారా, పని మొదలైంది” అని రెండో విడత డబ్బు అడుగుతారు. నెల తిరిగాక బ్యాంకు ‘మా వివరాలు సరైనవే’ అంటుంది, గుర్తు పోతుంది, ఏజెంటు ఫోను కూడా పోతుంది.

కొందరు 790 స్కోరున్న రిపోర్టు పీడీఎఫ్ పంపుతారు. లోగో, పేరు, పాన్ అన్నీ సరిగ్గా ఉంటాయి. అది కంప్యూటర్లో దిద్దిన బొమ్మ. బ్యాంకు మీరిచ్చిన కాగితం చూడదు, తనే నేరుగా తెప్పించుకుంటుంది. కొందరు ఇంకాస్త ముందుకు వెళ్లి బ్యాంకు పేరుతో నకిలీ నో డ్యూస్ తయారుచేస్తారు. దాన్ని సమర్పించేది మీరు, సంతకం మీది. నకిలీ పత్రాన్ని అసలుదని చూపించడం నేరం. స్కోరు కోసం వెళ్లి కేసు తెచ్చుకోవడమన్నమాట.

“మీ వాయిదాలు బ్యాంకుకు కట్టకండి, నెలనెలా మాకు కట్టండి, మేమే మాట్లాడి సగానికి ముగిస్తాం” అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నా మటుకు నాకు అందరికంటే వీళ్లంటేనే భయం. ఎందుకంటే వాళ్లు ఆఫీసు పెట్టుకుని, ఒప్పందం రాసి, టై కట్టుకుని మాట్లాడతారు. మీరు కట్టడం ఆపిన ప్రతి నెలా ఒక్కో మచ్చ పడుతూనే ఉంటుంది. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. రేపు కోర్టు నోటీసు వచ్చేది మీ ఇంటికి.

అన్నిటికంటే చెడ్డది, స్కోరు పేరుతో మీ పాన్, ఆధార్, సెల్ఫీ, క్యాన్సిల్ చేసిన చెక్కు, ఓటీపీ తీసుకుని మీ పేరునే అప్పులు చేసేవాళ్లు. “సిబిల్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం సార్, ఈ యాప్ వేసుకోండి” అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. అది మీ ఫోనులోకి దిగితే మీకొచ్చే ఓటీపీలు వాళ్లు చదువుకుంటారు. మీ సిబిల్ లాగిన్ వాళ్ల ఈమెయిల్‌తో తెరిచి కూర్చుంటారు.

పనికి డబ్బు తీసుకునే ప్రతి ఒక్కరూ మోసగాళ్లనుకోకండి. మీ తరఫున ఉత్తరాలు రాసిపెట్టే లాయరుకో, కాగితాలు సర్దిపెట్టే అకౌంటెంటుకో ఫీజు ఇవ్వడం న్యాయమే. వాళ్లు తమ శ్రమను అమ్ముతారు. ఇన్ని రోజుల్లో ఇన్ని మార్కులు అని మాట ఇవ్వరు. అమెరికాలో ఉన్న మన పిల్లలకూ ఈ మాట పనికొస్తుంది. అక్కడ క్రెడిట్ రిపేరు పేరుతో వ్యాపారం చేసేవాళ్లు పని పూర్తికాకముందు పైసా తీసుకోకూడదని 1996 నుంచే చట్టం ఉంది. ముందుగా డబ్బు అడిగితే అక్కడితో ఫోను పెట్టేయొచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు బదులు సీపీఎన్ అని ఒక తొమ్మిదంకెల నంబరు ఇస్తాం, దాంతో కొత్త చరిత్ర మొదలుపెట్టొచ్చు అనే వ్యాపారం అక్కడ ఉంది. దాంతో దరఖాస్తు పెట్టడం నేరం. వీసా మీద ఉన్న పిల్లలు ఆ ఛాయలకే పోకూడదు.

ఇప్పటికే ఇలాంటివాళ్లకు కాగితాలో డబ్బో ఇచ్చినవాళ్లుంటే, సిగ్గుపడి ఊరుకోవద్దు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోను చెయ్యండి. గంటల్లో చేస్తే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. ఏపీకే వేసుకుని ఉంటే ముందు ఫోనుకు నెట్ ఆపేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పండి. నాలుగు రిపోర్టులూ తెప్పించుకుని మీకు తెలియని అప్పు, తెలియని ఫోను నంబరు ఉన్నాయేమో చూడండి. ఎవరైనా మీ రిపోర్టు చూస్తే మీకు ఎస్సెమ్మెస్సో ఈమెయిలో పంపాలని ఇప్పుడు నిబంధన ఉంది. బ్యాంకులో ఉన్న మీ నంబరు పాతదైతే ఆ కబురు మీకు చేరదు, కాబట్టి ఈ వారంలోనే వెళ్లి నంబరు మార్పించుకోండి.

ఇక మిగిలింది ఒక్కటే. బ్యాంకుకు రాశారు, సిబిల్‌కు రాశారు, 30 రోజులు దాటాయి, పని కాలేదు, లేదా వచ్చిన జవాబు నచ్చలేదు. అప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి సిబిల్ లాంటి కంపెనీలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఇంటర్నెట్ వాడేవాళ్లు సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో పెట్టొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోను చెయ్యొచ్చు. ఇవేవీ చేతకానివాళ్లు తెల్లకాగితం మీద ఉత్తరం రాసి పోస్టులో పంపొచ్చు. ఏ భాషలో రాసినా తీసుకుంటారు, తెలుగులోనే రాయండి. మీ పేరు, చిరునామా, ఫోను, బ్యాంకు శాఖ, లోను నంబరు, ఏ తారీఖున ఫిర్యాదు ఇచ్చారు, వాళ్లేమన్నారు, మీకేం కావాలి, ఇంతే. సీలు వేయించుకున్న కాపీ జిరాక్సు జతచెయ్యండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. చిరునామా చెబుతున్నాను, కాగితం, కలం తీసుకోండి: సెంట్రలైజ్డ్ రిసీప్ట్ అండ్ ప్రాసెసింగ్ సెంటర్, రిజర్వు బ్యాంక్ ఆఫ్ ఇండియా, నాలుగో అంతస్తు, సెక్టర్ 17, చండీగఢ్, పిన్‌కోడ్ 160017. ఇంకోసారి పిన్‌కోడ్: 160017.